పరిష్కారం కాని యుద్ధకాలపు సందేశాలు: ఒక గూఢలిపి ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు గడిచినా, ఆ యుద్ధంలో పంపిన రహస్య సందేశాలలో కొన్నింటిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. అవి ఎందుకు మిగిలిపోయాయో, వాటిలో ఇంట్లో కూర్చుని పని చేయదగ్గవి ఏవో, ఎంత పని చేసినా ఫలితం ఉండనివి ఏవో స్వయంగా తేల్చుకోవాలని ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాము. మేము ముగ్గురం. అమలాపురంలో ఉండే నేను, కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలు, తంతి కార్యాలయంలో ఉద్యోగం చేసి రిటైరైన మా బాబాయి గారు. ప్రోగ్రాములు రాసే పని మేనకోడలిది, పాత కాగితాల చరిత్ర చదివి రాసిపెట్టే పని నాది, మోర్సు కోడుకు సంబంధించిన ప్రతి సందేహమూ బాబాయి గారిది.

మొదట మా చూపు మా తీరం మీదనే పడింది. 1942 ఏప్రిల్ 6న జపాను నౌకాదళ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంతకు ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది. బంగాళాఖాతంలో అడ్మిరల్ ఒజావా నడిపిన దళంలో ర్యూజో అనే విమానవాహక నౌక ఉండేది. కాకినాడ మీదికి వచ్చిన విమానాలు దాని నుంచి లేచినవే. ఆ దళం తమ ప్రధాన స్థావరంతో మాట్లాడుకున్న వైర్‌లెస్ సందేశాలలో చదవకుండా మిగిలిపోయినవి ఏమైనా ఉన్నాయా అన్నది మేనకోడలు వేసిన మొదటి ప్రశ్న.

జపాను నౌకాదళం ప్రధానంగా వాడిన సంకేతాన్ని అమెరికన్లు జేఎన్-25 అని పిలిచారు. దాని నిర్మాణం రెండు అంతస్తులది. ముందుగా ప్రతి మాటకూ, ప్రతి పదబంధానికీ సంకేత పుస్తకంలో ఐదంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ సంఖ్యకు మరొక పట్టికలోని ఐదంకెల సంఖ్యను కలుపుతారు, అయితే ఆ కూడికలో చేతిలో మిగిలినదాన్ని పక్క స్థానానికి మోయరు. ఉదాహరణకు సంకేతం 48213, పట్టికలోని సంఖ్య 57694 అనుకుంటే, నాలుగూ ఐదూ తొమ్మిది, ఎనిమిదీ ఏడూ పదిహేను కాబట్టి ఐదు, ఇలా ఒక్కొక్క స్థానాన్నీ విడివిడిగా కూడితే 95807 వస్తుంది. గాలిలో వెళ్లేది కూడగా వచ్చిన ఈ సంఖ్యే. ఇక్కడ జపాను వాళ్లు ఒక జాగ్రత్త తీసుకున్నారు. వైర్‌లెస్‌లో అంకె తప్పుగా వినబడితే పట్టుకోవడానికి వీలుగా, పుస్తకంలోని సంకేతాలన్నీ మూడుతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలుగానే ఎంచుకున్నారు. తమ వాళ్ల పొరపాట్లను పట్టుకోవడానికి పెట్టుకున్న ఆ నియమమే శత్రువు చేతికి ఆయుధమైంది: పట్టికలోని సంఖ్యను ఊహించి తీసివేసినప్పుడు మిగిలినది మూడుతో భాగించబడకపోతే ఆ ఊహ తప్పని వెంటనే తెలిసిపోతుంది.

అయితే ఈ సంకేతం మీద పని చేయాలంటే ఒకే పట్టికతో కప్పిన సందేశాలు వందలూ వేలూ చేతిలో ఉండాలి. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి చూసినప్పుడే పట్టిక బయటపడుతుంది. అటువంటి కాగితాలు లండన్ శివారులోని క్యూలో ఉన్న జాతీయ పత్రాగారంలోనూ, అమెరికాలో కాలేజ్ పార్కులో ఉన్న పత్రాగారంలోనూ పెట్టెలకొద్దీ ఉన్నాయి. మన లాప్‌టాప్‌లోకి వచ్చేవి కావు. కాకినాడ మీద మమకారం ఎంత ఉన్నా ఈ దారిని ఇక్కడితో ఆపివేశాము.

జూన్ చివరి వారం

ఇప్పుడు పట్టుకున్న పని జర్మన్ జలాంతర్గాముల సందేశాలది. 1995లో చరిత్రకారుడు రాల్ఫ్ ఎర్‌స్కిన్ ఒక గూఢలిపి శాస్త్ర పత్రికకు రాసిన లేఖలో, 1942లో ఉత్తర అట్లాంటిక్‌లో పట్టుబడి అప్పటిదాకా ఎవరూ విప్పని మూడు ఎనిగ్మా సందేశాలను ప్రచురించారు. ఎనిగ్మా అంటే మీట నొక్కినప్పుడల్లా తిరిగే చక్రాలతో ఒక అక్షరాన్ని మరొక అక్షరంగా మార్చే జర్మన్ గూఢలిపి యంత్రం. 2006 జనవరిలో స్టెఫాన్ క్రా అనే జర్మన్ వ్యక్తి వాటి కోసం ఒక ప్రోగ్రాము రాసి, ఇంటర్నెట్ ద్వారా స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి కంప్యూటర్లన్నిటికీ పనిని పంచిపెట్టారు. మొదటి సందేశం ఆ ఫిబ్రవరి 20న, రెండవది మార్చి 7న విడిపోయాయి. మూడవది 2013 జనవరి దాకా లొంగలేదు.

మూడింటికీ జవాబులు దొరికాయి కదా, మళ్లీ ఎందుకు అని బాబాయి గారు అడిగారు. జవాబు తెలిసిన లెక్క మీద పరీక్షించని ప్రోగ్రామును జవాబు తెలియని కాగితం మీద ప్రయోగించి, అది ఇచ్చినదాన్ని నమ్మడం ఎలా అన్నది నా వాదన. ఆయన ఒప్పుకున్నారు.

ఈ సందేశాలు అప్పట్లో ఎందుకు విప్పబడలేదో తెలుసుకుంటేనే వాటి కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది. అట్లాంటిక్‌లోని జలాంతర్గాములు 1942 ఫిబ్రవరి 1న మూడు చక్రాల ఎనిగ్మాను వదిలి నాలుగు చక్రాల ఎం-4 యంత్రానికి మారాయి. ఆ రోజు నుంచి డిసెంబరు 13 దాకా, పది నెలలకు పైగా, బ్లెచ్లీ పార్కులోని బ్రిటిష్ నిపుణులకు ఆ సందేశాలు దాదాపు పూర్తిగా చీకటిగానే ఉండిపోయాయి. అక్టోబరు 30న మధ్యధరా సముద్రంలో పెటార్డ్ అనే బ్రిటిష్ నౌక యు-559 అనే జలాంతర్గామిని దెబ్బతీసినప్పుడు, ఫాసన్, గ్రేజియర్ అనే ఇద్దరు మునిగిపోతున్న ఆ నౌకలోకి దిగి పుస్తకాలు పైకి అందించి, దానితోపాటే మునిగి చనిపోయారు. ఆ పుస్తకాలలో వాతావరణ సమాచారాన్ని కుదించి పంపే సంకేత పుస్తకం ఉంది. వాతావరణ సందేశాలు పంపేటప్పుడు జర్మన్లు నాలుగో చక్రాన్ని పని చేయని స్థితిలో ఉంచి, యంత్రాన్ని పాత మూడు చక్రాల యంత్రంలాగే వాడేవారు. అదే రోజు మిగతా సందేశాలకు వాడిన అమరికలో మొదటి మూడు అక్షరాలూ అవే, నాలుగోది మాత్రమే కొత్తది. అంటే మూడు చక్రాల అమరిక తెలిసిన తరువాత ఇరవై ఆరు స్థానాలు ప్రయత్నిస్తే సరిపోతుంది. ఎర్‌స్కిన్ ప్రచురించిన వాటిలో మొదట విడిపోయిన సందేశం తేదీ 1942 నవంబరు 25, అంటే సరిగ్గా ఆ చీకటి చివరి రోజులకు చెందినది. వెలుగు వచ్చాక యుద్ధంలో ఉన్నవారికి ఆ రోజు వచ్చిన సందేశం ముఖ్యం కానీ, మూడు వారాల కిందటి సందేశం ముఖ్యం కాదు. ఇది పరిష్కారం కాకుండా మిగిలిపోవడానికి తాళం గట్టితనం కారణం కాదనీ, తీసేవాళ్లకు తీరిక లేకపోవడమే కారణమనీ నా అభిప్రాయం.

జూలై రెండవ వారం

ప్రోగ్రాము ఒక రూపానికి వచ్చింది. సందేశంలో నాలుగేసి అక్షరాల గుంపులు 58 ఉన్నాయి, మొత్తం 232 అక్షరాలు. యంత్రంలో వెదకవలసినది ఎంతో ముందుగా లెక్కవేసుకున్నాము. ఎనిమిది చక్రాలలో మూడింటిని వరుస మార్చి అమర్చే విధాలు 336. పలుచటి నాలుగో చక్రాలు రెండు, విద్యుత్తును చక్రాల గుండా వెనక్కి పంపే పలుచటి రిఫ్లెక్టర్లు రెండు. నాలుగు చక్రాల ప్రారంభ స్థానాలు 4,56,976. అన్నీ గుణిస్తే 61 కోట్ల 41 లక్షలు దాటుతుంది. చక్రాల అంచు రింగుల అమరికను కూడా కలిపితే ఇది మరికొన్ని వందల రెట్లవుతుంది. వీటన్నిటి పైన ప్లగ్‌బోర్డు ఉంది: పది తీగలతో ఇరవై అక్షరాలను జతలు కట్టే విధాలు 150 లక్షల కోట్లకు పైగా ఉంటాయి.

ఈ చివరి సంఖ్యను చూసి బెదరనక్కర లేదు. ప్లగ్‌బోర్డును ఒక్కసారిగా ఊహించవలసిన పని లేకపోవడమే ఈ పద్ధతికి ప్రాణం. చక్రాలు సరైన స్థానంలో ఉన్నప్పుడు, తీగలలో రెండు మూడు మాత్రమే సరిగ్గా పెట్టినా, బయటికి వచ్చే అక్షరాల గుంపు పూర్తి గందరగోళం కంటే కొద్దిగా భాషకు దగ్గరగా ఉంటుంది. ఆ కొద్ది తేడాను కొలవడానికి ఒక సూచిక కావాలి. 1920లలో విలియం ఫ్రీడ్‌మన్ ప్రతిపాదించిన ఇండెక్స్ ఆఫ్ కోయిన్సిడెన్స్ అటువంటిది: ఒక పాఠంలో నుంచి ఏవో రెండు అక్షరాలను తీసి చూస్తే అవి ఒకటే అక్షరం అయ్యే సంభావ్యత. ఇరవై ఆరు అక్షరాలను కళ్లు మూసుకుని చల్లితే ఇది 0.0385 ఉంటుంది; ఇంగ్లీషులో 0.067 దగ్గర, జర్మన్‌లో 0.076 దగ్గర ఉంటుంది. ప్రోగ్రాము ఖాళీ ప్లగ్‌బోర్డుతో మొదలుపెట్టి, ఒక జతను కలిపి సూచిక పెరిగితే ఉంచుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది, ఇక పెరగని చోట ఆగుతుంది. ఆ తరువాత అదే పనిని రెండక్షరాల జతల లెక్కతో, చివరగా మూడక్షరాల లెక్కతో చేస్తుంది. 1995లోనే జిమ్ గిలోగ్లీ ఎనిగ్మా మీద సూచికతో మొదలుపెట్టే ఇటువంటి మార్గాన్ని చూపారు.

మూడక్షరాల లెక్క దగ్గర మేనకోడలు చేసిన ఒక పని ఇక్కడ రాసిపెట్టడం న్యాయం. ఆమె మొదట జర్మన్ కథల పుస్తకాల నుంచి పట్టిక తయారుచేసింది. జలాంతర్గాముల భాష కథల భాష కాదు. అందులో అంకెలన్నీ మాటలలో రాస్తారు, చుక్కకు బదులు ఎక్స్, కామాకు బదులు వై వాడుతారు, పేర్లను రెండుసార్లు రాస్తారు. అప్పటికే విడిపోయిన నౌకాదళ సందేశాల నుంచి కొత్త పట్టిక కట్టగానే స్కోరు ఒక్కసారిగా పదునెక్కింది. “మామయ్యా, వీళ్లు మాట్లాడే జర్మన్‌లో సగం ఐన్స్ అన్న మాటే ఉంది” అని ఆమె ఫోనులో నవ్వింది. ఒకటి అనే అంకెకు జర్మన్ మాట ఐన్స్. బ్లెచ్లీ పార్కులో ఆ ఒక్క మాట కోసమే ప్రత్యేకంగా పట్టికలు కట్టేవారు.

జూలై చివరి వారం

మొత్తం అన్వేషణ మా రెండు లాప్‌టాప్‌ల మీద జరిగే పని కాదు. కాబట్టి చక్రాల వరుసనూ రిఫ్లెక్టరునూ తెలిసినవిగా ఇచ్చి, ప్రారంభ స్థానాలనూ, కుడిచేతి చక్రపు రింగునూ, మొత్తం ప్లగ్‌బోర్డునూ ప్రోగ్రామునే కనుక్కోమన్నాము. అది కనుక్కున్నది. ఏ-టి, బి-ఎల్, డి-ఎఫ్, జి-జె, హెచ్-ఎం, ఎన్-డబ్ల్యు, ఓ-పి, క్యు-వై, ఆర్-జెడ్, వి-ఎక్స్ అనే పది జతలూ ప్రచురితమైన వాటితో సరిపోయాయి.

విడిపోయిన పాఠం యు-264 అనే జలాంతర్గామి అధిపతి హార్ట్‌విగ్ లూక్స్ పంపినది. దాడిలో నీటి కిందికి దిగవలసి వచ్చిందనీ, తన మీద డెప్త్ చార్జులు (నీటి లోపల పేలే బాంబులు) వేశారనీ, శత్రువు చివరగా 8 గంటల 30 నిమిషాలకు పటంలోని ఫలానా చతురస్రంలో కనిపించాడనీ, దిశ 220 డిగ్రీలు, వేగం 8 నాట్లు అనీ, తాను వెంటాడుతున్నాననీ, వాయుపీడనం పడిపోతోందనీ అందులో ఉంది. యుద్ధ గతిని మార్చే రహస్యమేమీ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది అన్నారు బాబాయి గారు. నాకు మాత్రం ఆ ఎలుకలోనే ఆసక్తి కలిగింది, ఎందుకంటే ఆ పాఠంలో తప్పులున్నాయి.

ఐన్స్ అని రావలసిన ఒక చోట ఇ-కె-ఎన్-ఎస్ అని వచ్చింది. ఆరు అనే అంకెకు జర్మన్ మాటలో నడుమ సి రావలసిన చోట వై ఉంది. ఎనిగ్మాలో ఒక అక్షరం తప్పుగా అందితే ఆ ఒక్క అక్షరమే చెడుతుంది. చక్రాలు మీట నొక్కినప్పుడల్లా ఒక అడుగు ముందుకు వెళుతూనే ఉంటాయి కాబట్టి తరువాతి అక్షరాలు క్షేమంగా ఉంటాయి. కానీ వినేవాడు ఒక అక్షరాన్ని పూర్తిగా వదిలేస్తే, అక్కడి నుంచి చివరి దాకా అంతా ఒక అడుగు జరిగిపోయి చెత్తగా మారుతుంది.

ఐకీ కె-కీ పోలిక ఏముంది అని నేను మోర్సు పట్టిక ముందు పెట్టుకుని ఆలోచిస్తూ ఉంటే, బాబాయి గారు నా ఆలోచనను మొదట్లోనే తుంచారు. “ఒరే, చెవిలో పడ్డది జర్మన్ మాట కాదు కదా. అతను విన్నది గూఢాక్షరం. తప్పు అక్కడ జరిగింది, నువ్వు ఇక్కడ వెదుకుతున్నావు” అన్నారు. ఆయన మాట ప్రకారం చేయవలసినది ఇది: సవరించిన జర్మన్ పాఠాన్ని అదే అమరికతో మళ్లీ ఎనిగ్మాలో వేసి, అసలు ఏ గూఢాక్షరం రావలసి ఉండెనో కనుక్కోవాలి, దానినీ, వినేవాడు రాసుకున్న అక్షరాన్నీ మోర్సులో పక్కపక్కన పెట్టాలి. హెచ్ నాలుగు చుక్కలు, ఎస్ మూడు చుక్కలు. యు రెండు చుక్కలూ ఒక గీత, వి మూడు చుక్కలూ ఒక గీత. గాలిలో గరగర ఎక్కువగా ఉన్నప్పుడు పోయేది చుక్కేనని ఆయన చెప్పారు. తంతి కార్యాలయాల్లో దశాబ్దాల పాటు చెవితో పని చేసినవారికి తప్ప ఈ జ్ఞానం పుస్తకం నుంచి రాదు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాము సేవ మూతపడినప్పుడు ఇటువంటి చెవులు ఎన్నో ఇళ్లకే పరిమితమయ్యాయి.

ఆగస్టు

గోదావరికి వరద వచ్చి, కరెంటు తరచుగా పోతున్నందున ప్రోగ్రాము పెద్ద పరుగులు ఆపాము. ఒక చక్రాల వరుస పూర్తయిన ప్రతిసారీ స్థితిని ఫైలులో దాచి, కరెంటు వచ్చాక అక్కడి నుంచే ఎత్తుకునేలా ప్రోగ్రామును మార్చడం ఈ నెలలో జరిగిన ఏకైక కంప్యూటరు పని.

మిగతా సమయం కాగితం మీద డబుల్ ట్రాన్స్‌పొజిషన్‌తో గడిచింది. ఫ్రాన్సులోకి దిగిన బ్రిటిష్ ఏజెంట్లు యుద్ధం తొలి ఏళ్లలో దీనినే వాడారు. కంఠస్థమైన ఒక పద్యంలో నుంచి ఐదు మాటలు ఎంచుకుని, వాటి అక్షరాలకు అక్షరక్రమంలో అంకెలు వేసి, ఆ అంకెల కింద సందేశాన్ని అడ్డంగా రాసి నిలువు వరుసలను అంకెల క్రమంలో తీయాలి. వచ్చినదాన్ని మళ్లీ అలాగే చేయాలి. అక్షరాలు మారవు, చోటు మాత్రం మారుతుంది. బడిలో వల్లె వేసిన పద్యాన్నే ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుని మేమూ సాధన చేశాము. ఒక అంకె తారుమారైతే ఆ సందేశం మొత్తం అవతలివాడికి పనికిరాదు. ఆ ఏజెంట్లను పంపిన ఎస్ఓఈ అనే బ్రిటిష్ రహస్య సంస్థలో 1942లో చేరిన లియో మార్క్స్ ఇటువంటి చెడిపోయిన సందేశాలను, పాపం ఏజెంటును మళ్లీ గాలిలోకి రప్పించకుండా, వేల ప్రత్యామ్నాయాలు ప్రయత్నించి విప్పించేవాడు. మళ్లీ పంపడమంటే, సందేశం ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టే జర్మన్ల వ్యాన్లకు చోటు చెప్పడమే. తరువాత పట్టుగుడ్డ మీద అచ్చు వేసిన ఒకసారి మాత్రమే వాడే తాళాలను, అంటే సందేశాన్ని దాచడానికి వాడే అక్షరాల వరుసలను, ప్రవేశపెట్టాడు.

ఈ పద్ధతిని ఇప్పుడు విప్పలేమా అంటే, పొడవు తగినంత ఉంటే విప్పవచ్చు. 2007లో క్లాస్ ష్మే ఒక సవాలుగా ప్రచురించిన డబుల్ ట్రాన్స్‌పొజిషన్ పాఠాన్ని 2013లో జార్జ్ లాస్రీ విప్పారు.

సెప్టెంబరు

ఈ నెలంతా పావురం కాగితానిది.

1982లో ఇంగ్లండులోని సర్రీ ప్రాంతంలో బ్లెచింగ్లీ అనే ఊరిలో ఒక ఇంటి పొగగొట్టాన్ని శుభ్రం చేస్తుంటే పావురం ఎముకలూ, కాలికి కట్టిన ఎర్రని గొట్టమూ, అందులో చుట్టిన పలుచని కాగితమూ దొరికాయి. 2012 నవంబరులో అది లోకానికంతా తెలిసింది. పావురాల సందేశానికి ఉద్దేశించిన అచ్చు ఫారం మీద చేత్తో రాసిన ఐదేసి అక్షరాల గుంపులు 27 ఉన్నాయి. అడుగున 27 అనే అంకె కూడా ఉంది. రెండు ప్రతులు రెండు పావురాల మీద పంపినట్టు వాటి గుర్తు సంఖ్యలు చెబుతాయి. సార్జెంట్ స్టాట్ అని సంతకం. బ్రిటిష్ ప్రభుత్వ గూఢలిపి సంస్థ జీసీహెచ్‌క్యూ చూసి, ఆనాటి సంకేత పుస్తకాలు లేకుండా దీన్ని విప్పడం సాధ్యం కాదని ప్రకటించింది.

మొదటి గుంపు ఏ-ఓ-ఏ-కె-ఎన్. చివరి గుంపూ అదే. రెండు చోట్లా ఒకే గుంపు ఉంటే అది సందేశంలో భాగం కాకపోవడమే సహజం. ఏ పుస్తకంలో ఏ పుట తెరవాలో అవతలివాడికి చెప్పే గుర్తుగా దాన్ని తీసుకున్నాము. వాటిని వదిలేస్తే మిగిలేవి 125 అక్షరాలు.

లెక్కకు ముందు చదవడం సమస్య అయింది. సార్జెంటు రాతలో యు, డబ్ల్యు కొన్ని చోట్ల ఒకేలా ఉన్నాయి. అందుకే వేర్వేరు ప్రచురణలలో మూడవ గుంపు చివరి అక్షరం ఒక దానిలో యు, మరొకదానిలో డబ్ల్యు. చివరి గుంపుకు ముందున్నదానిలో మొదటి అక్షరం ఎఫ్ అని కొందరు, జి అని కొందరు చదివారు. ఎనిగ్మా సందేశంలో తప్పు చెవిది, ఇక్కడ కంటిది. మేము ఇండెక్స్ ఆఫ్ కోయిన్సిడెన్స్ సూచికను రెండు పాఠాలకూ విడివిడిగా లెక్కించాము. డబ్ల్యు పాఠానికి సూచిక 0.0368, యు పాఠానికి 0.0363. రెండూ యాదృచ్ఛికమైన 0.0385 చుట్టుపక్కలే. కళ్లు మూసుకుని చల్లిన 125 అక్షరాలకు ఈ సూచిక 0.036 నుంచి 0.041 దాకా ఉండడం మామూలే. అంటే చదవడంలో వచ్చిన తేడా ఈ నిర్ణయాన్ని మార్చదు.

ఇక్కడి నుంచి ఇది ఏమి కాదో ఒక్కొక్కటిగా తేల్చవచ్చు. అక్షరానికి అక్షరం మార్చే సాధారణ పద్ధతి కాదు. అలాగైతే సూచిక ఇంగ్లీషుదే మిగలాలి. ట్రాన్స్‌పొజిషన్ కూడా కాదు. అందులో అక్షరాలు మారవు కాబట్టి 125 అక్షరాలలో ఇ సుమారుగా పదిహేను సార్లు రావాలి, ఇక్కడ నాలుగు సార్లే వచ్చింది, ఇంగ్లీషులో అరుదైన క్యు మాత్రం ఆరు సార్లు వచ్చింది. యుద్ధరంగంలో బాగా వాడిన ప్లేఫెయిర్ పద్ధతి కూడా కాదు. ప్లేఫెయిర్‌లో ఇరవై ఐదు అక్షరాలే ఉంటాయి, సాధారణంగా ఐ, జె ఒకటే గడిలో ఉంటాయి. ఇక్కడ ఇరవై ఆరూ ఉన్నాయి, ఐ నాలుగు సార్లు, జె ఐదు సార్లు. పైగా ప్లేఫెయిర్ అక్షరాలను రెండేసిగా పట్టుకుంటుంది, ఒక జతలో ఒకే అక్షరం రెండుసార్లు రానే రాదు. ఈ పాఠంలో 13, 14 స్థానాలలో డి-డి, 42, 43 స్థానాలలో వై-వై ఉన్నాయి. బేసి స్థానం నుంచి జతలు కట్టినా, సరి స్థానం నుంచి కట్టినా ఏదో ఒకటి అడ్డం వస్తుంది.

మేనకోడలికి ఒక పునరుక్తి దొరికింది. జె-ఆర్-జెడ్ అనే మూడక్షరాలు 52వ స్థానంలో ఒకసారి, 106వ స్థానంలో మరొకసారి వచ్చాయి. తిరిగి తిరిగి వచ్చే తాళం వాడి ఉంటే ఇటువంటి పునరుక్తుల మధ్య దూరం ఆ తాళం పొడవుకు గుణిజంగా ఉంటుంది. దూరం 54, అంటే తాళం పొడవు 6, 9, 18, 27 ఇలా ఏదైనా కావచ్చు. ఉత్సాహపడే ముందు ఒక లెక్క వేయమన్నాను. 125 అక్షరాలలో మూడక్షరాల వరుసలు 123, వాటి నుంచి కట్టగల జతలు 7,503. సాధ్యమైన మూడక్షరాల వరుసలు 17,576. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే 0.43 వస్తుంది, దాన్నిబట్టి, ఊరికే చల్లిన అక్షరాలలో కూడా మూడింట ఒక వంతు సందర్భాల్లో ఇటువంటి పునరుక్తి కనీసం ఒకటి కనిపిస్తుంది. 27 నిలువు వరుసలుగా విడగొడితే ఒక్కో వరుసలో నాలుగైదు అక్షరాలే ఉంటాయి, వాటి నుంచి తేల్చేది ఏమీ ఉండదు. జె-ఆర్-జెడ్‌ను పక్కన పెట్టింది, అయిష్టంగానే.

మిగిలినవి రెండు రకాలు. ఒకటి యంత్రం, రెండు ఒకసారి మాత్రమే వాడే తాళం లేదా అటువంటి తాళంతో కప్పిన సంకేత పుస్తకం. పావురాన్ని చంకలో పెట్టుకుని ముందుకు వెళ్లే దళం బరువైన సంకేత యంత్రాన్ని మోసుకు వెళ్లడం కంటే చిన్న పుస్తకం పట్టుకెళ్లడమే సహజం కాబట్టి నేను రెండవదానివైపే మొగ్గుతాను.

ఒకసారి మాత్రమే వాడే తాళం అయితే విషయం అక్కడే ఆగుతుంది. 1949లో క్లాడ్ షానన్ దీనికి గణితపు రుజువు ఇచ్చాడు. తాళం సందేశమంత పొడవుగా, నిజంగా యాదృచ్ఛికంగా ఉంటే, 125 అక్షరాల ఏ ఇంగ్లీషు వాక్యానికైనా సరిపోయే తాళం ఒకటి ఉంటుంది. వాటిలో అసలుదేదో చెప్పే ఆధారం ఆ కాగితంలో ఉండదు. ఎనిగ్మా అలా కాదు. మా లెక్క ప్రకారం ఎం-4 అమరికలన్నీ కలిపి దాదాపు 86 బిట్లు, అంటే 86 రెండ్లను గుణించినంత. భాషలోని వృథా, అంటే ముందే ఊహించగలిగే భాగం, ఒక్కో అక్షరానికి మూడు బిట్లకు పైగా ఉంటుంది కాబట్టి, ముప్పై అక్షరాలకే సిద్ధాంతరీత్యా ఒకే ఒక్క జవాబు మిగులుతుంది. 232 అక్షరాల సందేశంలో జవాబు ఎప్పుడూ ఉంది, వెదకడమే మిగిలింది. పావురం కాగితం గురించి ఆ మాట చెప్పలేము.

2012 చివర్లోనే కెనడా నుంచి ఒకాయన, ఆ అక్షరాలు మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఫిరంగి దళ పరిశీలకుల సంక్షేపాలని చెప్పి ఒక పరిష్కారం ప్రకటించారు. అటువంటివి చూసినప్పుడు మేము మూడు విషయాలు అడుగుతాము. అన్ని అక్షరాలకూ ఒకే నియమం వర్తించిందా? ఆ నియమాన్ని మరొకరి చేతికిస్తే, జవాబు చూడకుండా వారికీ అదే పాఠం వస్తుందా? అదే నియమాన్ని మేము చల్లిన అర్థం లేని అక్షరాల మీద ప్రయోగిస్తే అర్థమున్నట్టు కనిపించే పాఠం రాకుండా ఉంటుందా? ప్రతి అక్షరాన్నీ ఏదో ఒక మాటకు పొడి అక్షరంగా తీసుకునే పద్ధతి ఈ మూడవ ప్రశ్న దగ్గర నిలబడదు. మేనకోడలు కంప్యూటరు చేత చల్లించిన అక్షరాలకు బాబాయి గారు అరగంటలో కాకినాడ ఓడరేవులో ఉల్లి బస్తాల రవాణా గురించి చక్కని సందేశం కట్టి ఇచ్చారు.

అక్టోబరు

ఇప్పటి దాకా చూసినదాన్నిబట్టి నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది. పాత కాగితం పరిష్కారం కాకుండా ఉందంటే దాని తాళం గొప్పదని కాదు, దాని తోటి కాగితాలు పోయాయని. మొదటి ప్రపంచ యుద్ధం తూర్పు రంగంలో ఏడీఎఫ్‌జీవీఎక్స్ అనే గూఢలిపి పద్ధతిలో జర్మన్లు పంపిన సందేశాలను జార్జ్ లాస్రీ, ఆయన సహచరులు దాదాపు వంద సంవత్సరాల తరువాత విప్పగలిగారు. ఒకే తాళంతో పంపిన సందేశాలు అనేకం కలిసి మిగిలి ఉండడం వారికి కలిసివచ్చింది. సార్జెంటు రాసిన కాగితం ఒంటరిది. ఆ రోజు అదే గుర్తు గుంపుతో మరొక పావురం తెచ్చిన కాగితం ఏ పెట్టెలోనైనా ఉండి, సార్జెంటు దళం అదే పుటను పొరపాటున రెండుసార్లు వాడి ఉంటే తప్ప దాని మీద ఇక కంప్యూటరు సమయం ఖర్చు పెట్టదలచుకోలేదు. ఆ ఫైలులో మేము రాసిపెట్టినవి నాలుగు: రెండు పాఠాలు, అక్షరాల పట్టిక, అది ఏమేమి కాదో చెప్పే లెక్కలు, చదవడంలో సందేహం ఉన్న అక్షరాల స్థానాలు.

ఇక ఎం-4 పని మళ్లీ మొదలవుతుంది. వచ్చే నెలలో చక్రాల వరుసను కూడా తెలియనిదిగా ఇచ్చి, 336 వరుసలలో ముందుగా నౌకాదళానికే ప్రత్యేకమైన ఆరు, ఏడు, ఎనిమిది చక్రాలు లేని అరవైని మాత్రమే పరుగెత్తించబోతున్నాము. సవరించిన జర్మన్ పాఠాన్ని తిరిగి గూఢపాఠంగా మార్చే భాగం మేనకోడలి సెమిస్టరు పరీక్షలు అయ్యాక సిద్ధమవుతుంది. దాని నుంచి వచ్చే గూఢాక్షరాల జాబితాను యానాం మీదుగా నేనే కాకినాడ తీసుకువెళ్లి బాబాయి గారికి ఇవ్వాలి. ఫోనులో చూసి అక్షరాలు చెప్పనని, పెద్ద అక్షరాలలో కాగితం మీద అచ్చు తీసి తెమ్మని ఆయన ముందే చెప్పారు.